ఊగకుండా వచ్చిన క్యారేజీ

ప్రభుత్వోద్యోగి మధ్యాహ్నం పూట ఏం తింటాడన్నది ఆయన సొంత విషయం కాదు. అది ప్రజల విషయం! ఈ సంగతి చట్టంలో ఎక్కడ రాసి ఉందో తెలీదు గానీ, వెలగలవారిపాలెంలో పాలకేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బస్సు ఈ ఊరి ముందు ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఊరి కబుర్లు కొన్ని ఎక్కుతాయి, పైఊరి కబుర్లు కొన్ని దిగుతాయి. టిక్కెట్టు మాత్రం మనుషులకే కొడతారు. అందుకే ఆ బస్సుకి ఎప్పుడూ నష్టమే.

ఆ ఊళ్ళో రైసుమిల్లు వీధి మలుపులో ఉన్న మేడ కుసుమకుమారిది. ఆవిడ భర్త లక్ష్మీనారాయణకి తెనాలిలో ఎరువుల కొట్టుంది. కొట్లో ఆయన చాలా మాట్లాడతాడట. ఇంట్లో మాత్రం "సరేలే" అంటాడు.

ఊరికి ఏ అధికారి వచ్చినా భోజనం కుసుమకుమారి ఇంట్లోనే. సర్వేయరు వస్తే గుత్తివంకాయ. పశువుల డాక్టరు వస్తే కోడి పులుసు. పెద్ద సారు ఎవరైనా వస్తే కొర్రమీను. పశువుల లెక్క కోసం వచ్చినాయన ఒక్క గేదెనైనా చూడకుండా గడ్డపెరుగు తిని, "పెరుగు ఇంత గట్టిగా ఉందంటే గేదెలు బాగున్నట్టే" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఇన్ని వండినా కుసుమకుమారి ఎవర్నీ ఏదీ అడగలేదు. అడగడం ఆవిడ ఇంటావంటా లేదు! కాకపోతే ఊళ్ళో కొత్త వీధిలైటు మొదట వెలిగింది వాళ్ళ గుమ్మం ముందు. సిమెంటు రోడ్డు మొదలైంది వాళ్ళ గేటు దగ్గర. అయిపోయిందీ అక్కడే.

"అతిథి దేవుడు వదినా. దేవుడి దగ్గర మనం లెక్కలు చూస్తామా?" అనేది ఆవిడ ఎదురింటి భువనేశ్వరితో.

"చూడం వదినా. దేవుడే చూసుకుంటాడు" అనేది భువనేశ్వరి, తన గుమ్మం ముందు ఆరిపోయిన లైటు వంక చూస్తూ.

పోయిన వేసవిలో కుసుమకుమారి కొత్త ప్రహరీ గోడ కట్టించింది. పాత గోడ ఉన్నచోటే కట్టించింది. కాకపోతే నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు, గోడ వీధివైపు ఒకడుగు ఒత్తిగిలింది. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. ఎలా అంటారు? భువనేశ్వరి మెట్లు అంతకుముందే వీధిలోకి దిగి కూర్చున్నాయి. ఆ పక్కన వెంకట్రామయ్య టిఫిన్ హోటలు తాలూకు పెసరట్ల పెనం రోడ్డు మీదే కాపురం పెట్టింది. పెద్దమనుషుల వీధి కనుక ఒకరి గోడ మాట ఇంకొకరు ఎత్తరు.

అలా హాయిగా ఉన్న వీధిలోకి కొత్త పంచాయతీ సెక్రటరీ వచ్చాడు. పేరు గౌతమ్. చీరాల వైపు మగ్గాలవాళ్ళ అబ్బాయి. సన్నగా, అగరుబత్తిలా ఉంటాడు. ఎవరు పలకరించినా ముందు సిగ్గుపడి, తర్వాత "అండి" అంటాడు. ఒకరోజు పొద్దున్నే ఆఫీసు అటెండరు చౌడయ్య చేతికి ఎర్రరంగు డబ్బా ఇచ్చి తీసుకొచ్చాడు. టేపుతో ఏదో కొలిచాడు. కుసుమకుమారి గోడ మీద ఒక పెద్ద బాణం గుర్తు వేయించి, వెళ్ళిపోయాడు.

లోపల పోపు వేస్తున్న కుసుమకుమారి బయటికొచ్చి బాణం చూసింది. లోపల పోపు మాడిపోయింది.

"ఏమండీ! మన గోడ మీద బాణం గుర్తు వేశారు!"

"సరేలే."

"సరేలే ఏంటండీ? గోడ కూలగొడతారు!"

లక్ష్మీనారాయణ ఆ రోజు అరుదుగా రెండో మాట మాట్లాడాడు. "ఎందుకేశారో ఆ అబ్బాయినే అడిగితే పోలా?"

"అడిగితే ఇంకేమన్నా ఉందా? గోడ జరిపామని మనంతట మనమే చెప్పినట్టు కాదూ!"

నిజమే. తప్పు చేయనివాళ్ళు ఏదైనా అడగొచ్చు. తక్కినవాళ్ళు వండాలి.

మర్నాడు ఆవిడ పట్టుచీర కట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళింది. "బాబూ గౌతమ్, ఒంటరిగా ఉంటున్నావట. మధ్యాహ్నం మా ఇంట్లో భోంచెయ్యి నాయనా."

"వద్దండి పిన్నిగారూ. తెచ్చుకున్నానండి" అని అతను చిన్న స్టీలు డబ్బా చూపించాడు. అందులో పెరుగన్నం ఉంది. ఒక మూలగా, ఒంటరిగా, ఒక దోసకాయ ముక్క ఉంది.

కుసుమకుమారి భోజనాన్ని కాదన్న అధికారి ఇప్పటిదాకా పుట్టలేదు. "తినేవాడికి ఒక కూరతో సరిపెట్టొచ్చు. తిననివాడికి ఏం వండాలి?" అని ఆవిడ రాత్రి మంచమ్మీద కూర్చుని భర్తని అడిగింది. ఈసారి ఆయన దగ్గర "సరేలే" కూడా లేదు.

అయినా ఆవిడ ఓడిపోయే మనిషి కాదు. అటక మీద నుంచి నాలుగు గిన్నెల క్యారేజీ దింపించింది. అది ఆవిడ పెళ్ళినాటిది. ప్రతి గిన్నె మీదా "చి.ల.సౌ. కుసుమకుమారికి నందివెలుగు మేనమామ గారి దీవెనలతో" అని చెక్కి ఉంటుంది. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో గోంగూర మాంసం, ఒక గిన్నెలో ముద్దపప్పు, పై గిన్నెలో సున్నుండలు సర్దింది. లక్ష్మీనారాయణ దాన్ని తీసుకెళ్ళి సెక్రటరీ బల్ల మీద పెట్టి, అతను నోరు తెరిచేలోగా మోటారు సైకిలెక్కి పారిపోయాడు. ఎరువులు అమ్మేవాడికి ఆ మాత్రం చురుకు ఉంటుంది.

గౌతమ్‌కి చిన్నప్పటి నుంచీ కడుపుమంట. కారం తగిలితే రెండు రోజులు మంచం దిగడు. ఇంటికొచ్చిన అన్నం తిప్పి పంపకూడదని భోజనమంతా చౌడయ్యకి పెట్టాడు. చౌడయ్య కళ్ళు మూసుకుని తిన్నాడు. తర్వాత గౌతమ్ గిన్నెలు కడిగి ఆలోచనలో పడ్డాడు. మనవాళ్ళలో ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే, ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. చెంచాడు పంచదారైనా వేసి పంపుతారు. గౌతమ్ వాళ్ళ నాయనమ్మ ఈ విషయంలో మరీ గట్టిది. అందుకని అతను పై గిన్నెలో పంచదార పోశాడు. కింది గిన్నెల్లో తెనాలి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయలు నింపాడు. చౌడయ్యతో పంపించాడు.

చౌడయ్య క్యారేజీ పట్టుకుని వస్తుంటే, భువనేశ్వరి తన వీధిమెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

తినేసిన క్యారేజీ ఎలా రావాలి? గలగలలాడుతూ, ఊగుతూ రావాలి. ఇది ఊగడం లేదు!

ఆవిడ చిక్కుడుకాయలు అక్కడే వదిలి హోటలు దగ్గరికి నడిచింది. "వెంకట్రామయ్యన్నయ్యా, కుసుమ వదిన క్యారేజీ వెళ్ళేటప్పుడు ఎంత బరువో, వచ్చేటప్పుడూ అంతే బరువు. సెక్రటరీ ఏదో పంపాడు!"

"ఊరుకోమ్మా. ఆఫీసర్లు తీసుకుంటారు గానీ ఇస్తారా?"

"అదే నేనూ అంటున్నా. ఇచ్చాడంటే ఎంత పెద్ద వ్యవహారమై ఉండాలి!"

ఇటు కుసుమకుమారి క్యారేజీ మూత తీసి, ముక్కు మీద వేలేసుకుంది. పంచదార! అంటే తీపి కబురు. గోడకి అభయం! కింద నిమ్మకాయలు చూసేసరికి ఆవిడకి కళ్ళు తిరిగాయి. కొత్త సంవత్సరం రోజున మనం ఆఫీసర్ల చేతిలో నిమ్మకాయ పెట్టి దణ్ణం పెడతాం. ఆఫీసరే మనకి నిమ్మకాయలు పంపితే దాన్నేమంటారు?

"మనమంటే భయపడుతున్నాడండీ!" అంది భర్తతో.

"సరేలే" అన్నాడాయన, నిమ్మకాయ పులిహోర మీద ఆశతో.

మర్నాడు పొద్దున్నే ఆ నిమ్మకాయలు బస్సెక్కాయి. మొదటి స్టాపులో జీడిపప్పు అయ్యాయి. రేపల్లె బస్టాండులో దిగేసరికి వెండి గ్లాసులు. అక్కణ్ణుంచి తిరుగు బస్సులో వచ్చేటప్పటికి పెళ్ళి సంబంధం! కుసుమకుమారి కూతురు తనూజ బాపట్లలో డిగ్రీ చదువుతోంది కదా, సెక్రటరీ అత్తగారిని మంచి చేసుకుంటున్నాడట! ఈ మాట పాలకేంద్రం దగ్గర విని కుసుమకుమారి మండిపడింది. "నోళ్ళా తాటిమట్టలా? మా పిల్ల చదువుకుంటోంది!" అని అందర్నీ కడిగేసింది. ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్ళు తాగి, "ఇంతకీ ఆ అబ్బాయికి పొలం ఏమన్నా ఉందటాండీ?" అని అడిగింది.

ఇక వీధి ఆగుతుందా? మర్నాడు భువనేశ్వరి ఇంటి నుంచి క్యారేజీ బయల్దేరింది. ఆవిడకి మెట్లతో ఏ సంబంధమూ లేదు, పాపం, పిల్లాడు ఒంటరిగా ఉంటున్నాడని జాలి. వెంకట్రామయ్య పెసరట్టు ఉప్మా పంపాడు. ఆయనది కేవలం మానవత్వం. వారం తిరిగేసరికి పంచాయతీ ఆఫీసులో ఫైళ్ళ కంటే క్యారేజీలు ఎక్కువయ్యాయి. వీధిలో ఎవరి ఇల్లు ఎంత ముందుకొచ్చిందో కొలవడానికి టేపు అక్కర్లేదు. క్యారేజీకి ఎన్ని గిన్నెలో చూస్తే చాలు!

చౌడయ్య చొక్కాకి పై గుండీ, తర్వాత కింది గుండీ తెగిపోయాయి. గౌతమ్ రోజూ సాయంత్రం పంచదార, జామకాయలు, ములక్కాడలు కొని గిన్నెలు నింపేవాడు. జీతం అలా కరిగిపోతున్నా సంతోషంగా వాళ్ళమ్మకి ఫోన్లో చెప్పాడు. "ఈ ఊళ్ళో మనుషులు దేవుళ్ళమ్మా. ఒక్కళ్ళూ ఏ పనీ అడగరు!"

ఒకరి గిన్నెలో ఏం వచ్చిందో ఇంకొకరు తెలుసుకోవడంతో గొడవ మొదలైంది. భువనేశ్వరికి ములక్కాడలు వచ్చాయి. "నాకు ములక్కాడలా? ఆవిడకి నిమ్మకాయలూ, నాకు ములక్కాడలా? అంటే నా మెట్లు పోయినట్టేనా?" అని ఆవిడ రాత్రంతా పొర్లింది. వెంకట్రామయ్యకి పంచదార తక్కువైంది. కుసుమకుమారికి ఒకరోజు జామకాయలు వచ్చాయి. ఒకటి పుచ్చింది. గోడకి పగులొచ్చినట్టే ఉంది ఆవిడకి.

అప్పుడు ఆకాశరామన్న కలం పట్టాడు.

ఒకరోజు పై ఆఫీసు నుంచి, బాపట్ల నుంచి, కారులో విచారణాధికారి దిగారు. పేరు హనుమాన్‌ప్రసాద్. కారులోంచి ముందు ఆయన పొట్ట, తర్వాత ఆయన, ఆ తర్వాత ఉత్తరాల కట్ట దిగాయి. పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేశారు. వీధి వీధంతా వచ్చి నిలబడింది.

"సెక్రటరీ క్యారేజీల బాగోతం మీద మాకు చాలా ఉత్తరాలొచ్చాయి. దేనిమీదా సంతకం లేదు" అన్నారాయన. "ఈ ఉత్తరంలో క్యారేజీలు పంపినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. భువనేశ్వరి గారి పేరొక్కటే లేదు. ఎవరమ్మా భువనేశ్వరి గారు?"

భువనేశ్వరి చీర కొంగు సవరించుకుంది.

"ఇందులో వెంకట్రామయ్య గారి పేరు తప్ప అన్నీ ఉన్నాయి. పైగా కాగితానికి కొబ్బరి చట్నీ అంటింది."

వెంకట్రామయ్య చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

"ఇదిగో, ఇందులో కుసుమకుమారి గారి పేరు లేదు." లక్ష్మీనారాయణ భార్య వంక చూశాడు. ఆవిడ ఆకాశం వంక చూసింది. ఆకాశంలో రామన్న కనిపించలేదు.

"సరే. సెక్రటరీ గారూ, ఈ భోజనాలన్నీ మీరే తిన్నారా?"

"లేదండి. నాకు కారం పడదండి. చౌడయ్య తిన్నాడండి."

"చౌడయ్యా!" అని ఒక్క గావుకేక వినిపించింది. అది కుసుమకుమారిది. "నా గోంగూర మాంసం చౌడయ్య తిన్నాడా?"

"బాగుందమ్మగారూ" అన్నాడు చౌడయ్య వినయంగా. "మూడో రోజున ఉప్పు కొంచెం తగ్గింది."

ఆ దెబ్బతో కుసుమకుమారికి గౌరవం, జాగ్రత్త, రెండూ ఒకేసారి తప్పిపోయాయి. "ఎంత మోసం నాయనా! పంచదార పెట్టి పంపావు, నిమ్మకాయలు పెట్టి పంపావు, గోడకేం భయం లేదనుకున్నాం! అసలు నా గోడ ఒక్కటే కనపడిందా నీకు? భువనేశ్వరి మెట్లు కనపడలా? వెంకట్రామయ్య పెనం కనపడలా? నా ఒక్కదాని గోడ మీదే బాణం వేస్తావా?"

గౌతమ్ తెల్లమొహం వేశాడు. "గోడకేమైందండి పిన్నిగారూ? అది మీ వీధికి మంచినీళ్ళ పైపు వస్తుందండి. మలుపు దగ్గర ఎటు తిరగాలో పనివాళ్ళకి తెలియాలని బాణం వేయించానండి."

మంచినీళ్ళ పైపు! ఆ వీధికి కుళాయిలు వస్తాయన్న మాట ఎంత పాతదంటే, నమ్మేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంటింటా వాటర్ టిన్నులు కొనుక్కోవడం అలవాటై, బాణం చూడగానే గోడలే గుర్తు తెచ్చుకున్నారు.

హనుమాన్‌ప్రసాద్ గారు మెల్లగా కళ్ళజోడు తీశారు. "ఏ గోడ? ఏ మెట్లు? ఏ పెనం?" అని అడిగి, "చౌడయ్యా, టేపు తీసుకురా!" అన్నారు.

సరిగ్గా అప్పుడే కుసుమకుమారికి మళ్ళీ బుద్ధి తిరిగొచ్చింది. "ఎండలో ఏం కొలుస్తారండి? ముందు భోంచేద్దురు గాని రండి. కొర్రమీను పులుసుంది."

హనుమాన్‌ప్రసాద్ గారు టేపు వంక చూశారు. ఎండ వంక చూశారు. "ప్రజలు ఆప్యాయంగా పిలిస్తే వెళ్ళకపోవడం కూడా ప్రవర్తనా లోపమే" అని సెక్రటరీకి నీతి చెప్పి, లేచారు.

పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. గడ్డపెరుగు దగ్గర కళ్ళు చెమర్చాయి. సాయంత్రం కారెక్కేటప్పుడు కుసుమకుమారి క్యారేజీ నిండా సర్ది, "ఇంటికి తీసుకెళ్ళండి, అమ్మగారు కూడా రుచి చూస్తారు" అని సీట్లో పెట్టింది. వద్దండి అన్న మాట ఆయన నోట రాలేదు.

"చూశావా వదినా, ఆఫీసరంటే ఆయన! ఎంత మర్యాదస్థుడు!" అంది భువనేశ్వరి తన్మయత్వంతో.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. చౌడయ్య నోటీసు బోర్డుకి అంటించాడు. వెంకట్రామయ్య అందరికీ వినపడేలా చదివాడు.

"విచారణలో తేలినదేమనగా, సదరు వీధియందలి గోడలు, మెట్లు, పెనములు తమ తమ స్థానములలోనే యున్నవి. వీధియే ఇరుకుగా నున్నది. సదరు కార్యదర్శి ప్రజల గిన్నెలలో పంచదార, నిమ్మకాయలు మొదలగునవి ఉంచి పంపుట ద్వారా ప్రజలలో లేనిపోని ఆశలు రేకెత్తించినారు. దీనిని తీవ్రముగా గర్హించడమైనది. ఇకమీదట గిన్నెలను ఖాళీగానే తిప్పి పంపవలెను."

వీధి చప్పట్లు కొట్టింది. కుసుమకుమారి గోడని చేత్తో నిమిరింది. భువనేశ్వరి మెట్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆ చప్పట్లలో వెంకట్రామయ్య చివరి వాక్యం కొంచెం నెమ్మదిగా చదివాడు.

"వీధి ఇరుకైనందున అందు పైపులైను వేయుటకు వీలుపడదు. సదరు పైపులైనును వెనుక వీధికి మార్చడమైనది."

వెనక వీధిలో కూలిపనులు చేసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ గోడలు వాళ్ళ హద్దులోనే ఉన్నాయి. సగంమందికి అసలు గోడలే లేవు. కనుక వీధి బారుగా, వెడల్పుగా ఉంది. నెల తిరిగేసరికి అక్కడ కుళాయి వచ్చింది. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయని చుట్టుపక్కల చెప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి వాటర్ టిన్నుల బండి రావడం మానేసింది. కుళాయి వచ్చింది కదా, ఇక మావి ఎవరు కొంటారన్నాడట బండివాడు.

మేనమామ గారి దీవెనలు మాత్రం ఇంకా బాపట్ల నుంచి తిరిగి రాలేదు. నిండుగానూ రాలేదు, ఖాళీగానూ రాలేదు. "మా క్యారేజీ ఇప్పుడు పెద్ద సారింట్లో ఉంది" అని కుసుమకుమారి అందరికీ చెప్పుకుంది. చెప్పాక అటక వంక చూసి చిన్నగా నిట్టూర్చింది.

ఒకరోజు తెల్లారగట్టే, ఎవరూ చూడకుండా, ఆవిడ ఖాళీ బిందె పట్టుకుని వెనక వీధికి వెళ్ళింది. కుళాయి దగ్గర వరసలో అప్పటికే భువనేశ్వరి ఉంది. ఆవిడ వెనక పెద్ద కాగుతో వెంకట్రామయ్య. ముగ్గురూ ఒకరినొకరు చూడనట్టే నిలబడ్డారు.

కుళాయి ఎదురింటి ప్రమీలారాణి వాకిలి ఊడుస్తూ, "రండి పిన్నిగారూ, ఈ వీధి మీకు కొత్త కదా. అడుగు చూసుకోండి, ఇక్కడ మెట్లేమీ అడ్డం ఉండవు" అంది.

కుళాయికి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికి గౌతమ్ అక్కడే నిలబడి ఉన్నాడు. కుసుమకుమారి తల వంచుకుంది. ముందువాళ్ళిద్దరివీ నిండాక అతను సిగ్గుపడుతూనే ఆవిడ చేతిలో బిందె అందుకుని, కుళాయి కింద పెట్టాడు.

"వద్దులే నాయనా. మళ్ళీ నీ మీదికి ఎవరైనా ఏదైనా రాస్తారు" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"ఏం పర్లేదండి పిన్నిగారూ. ఉత్తర్వులో గిన్నెలే ఉన్నాయండి. బిందెల మాట లేదండి."

బిందె అంచుదాకా నిండింది. కుసుమకుమారి దాన్ని చంకనెత్తుకుని నెమ్మదిగా వెళ్ళిపోయింది. భువనేశ్వరి ఆవిడ వెళ్ళినంత మేరా చూసి, వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, ఆ బిందె గమనించావా? వచ్చేటప్పుడు ఎంత ఊగుతూ వచ్చింది! వెళ్ళేటప్పుడు చూడు, అసలు ఊగడమే లేదు!"